నీరు నిలిచే పెరటి మడిలో ఏ కూరలు వేసుకోవాలి?

కోనసీమలోని ఒక గ్రామం నుండి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. భర్త ఉద్యోగ విరమణ చేసిన తరువాత దంపతులిద్దరూ హైదరాబాదులో ఇల్లు ఖాళీ చేసి, అత్తగారు ఉంటున్న సొంత ఇంటికి వచ్చి మూడేళ్ళయింది. ఇంటి వెనుక, కొబ్బరి చెట్ల వరుసకూ ప్రహరీ గోడకూ నడుమ, 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గల మడి ఒకటి ఉంది. సొంత పెరట్లో కూరగాయలు పండించుకోవాలన్నది ఆమెకు ఎన్నో ఏళ్ళ కోరిక. అందుకే వచ్చిన ఏడాది నుండీ జూన్ చివరలో టమాటా, మిరప, వంగ నారు తెచ్చి నాటుతున్నారు. ఏటా ఆగస్టులోనో సెప్టెంబరులోనో పెద్ద వాన కురిసినప్పుడు ఆ మడిలో రెండు నుండి నాలుగు రోజుల దాకా నీళ్ళు నిలుస్తున్నాయి. నీళ్ళు తీసి ఎండ రాగానే మొక్కలు తలలు వాల్చేస్తున్నాయి. దాహంతో వాడిపోతున్నాయనుకుని ఆమె మరిన్ని నీళ్ళు పోశారు, అయినా బతకలేదు. తమ్ముడు తెచ్చి నాటిన బొప్పాయి చెట్టు నిండుగా కాయలతో ఉండి కూడా నిరుడు ఒక్క ముంపుకే కూలిపోయింది.

పక్క స్థలం వారు ఇల్లు కట్టుకోవడానికి రెండేళ్ళ కిందట మెరక చేసుకున్నారనీ, అప్పటి నుండి నీరు ఇంకాస్త ఎక్కువగా నిలుస్తోందనీ, స్నానాల గది నీళ్ళు కూడా ఆ మూలగుండానే బయటికి పోతాయనీ ఆమె రాశారు. అత్తగారేమో "ఆ పల్లంలో మా రోజుల్లో చేమా, పొన్నగంటీ తప్ప ఇంకేమీ వేసేవాళ్ళం కాదు" అంటున్నారు. భర్త, ఈ బాధంతా ఎందుకు, మొత్తం మెరక చేయించి పైన సిమెంటు వేయించేద్దామంటున్నారు. "సెలవులకు వచ్చే మనవలకు చెట్టునుండి కోసిన టమాటా చేతిలో పెట్టాలని నా ఆశ. ఆ చేమాకులు పెంచడానికేనా ఇంత దూరం వచ్చింది అనిపిస్తోంది. నా ఇష్టానికి ఈ ఇంట్లో విలువ లేదేమో" అని ఆమె బాధపడ్డారు. ఆ మడిలో బతికే మొక్కలేవి, భర్త మాట వినడమే మేలా, అలా నిలిచిన నీళ్ళలో పెరిగినవి తినవచ్చా అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదివాను. మూడేళ్ళుగా మీరు పడిన శ్రమ వృథా అయిందన్న బాధ అందులో ఉంది, ఆ బాధ న్యాయమైనదే. అయితే మీ ఇంట్లో ముగ్గురూ మూడు వేరువేరు విషయాలు మాట్లాడుతున్నారు, ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. మీ అత్తగారు ఆ నేల వానాకాలంలో ఎలా ఉంటుందో చెబుతున్నారు. మీ వారు ఆ నీరు ఇంటికి చేసే కీడు గురించి ఆలోచిస్తున్నారు. మీరు శీతాకాలంలో చక్కగా పండే కూరగాయలను వానాకాలంలో కోరుకుంటున్నారు. ఈ మూడింటినీ విడదీసి చూస్తే మీ ఇష్టం నెరవేరే దారి కూడా కనిపిస్తుంది.

ముందు మొక్కలు ఎందుకు చనిపోయాయో తెలుసుకోవాలి, ఎందుకంటే ఎంపిక అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. వేళ్ళు కూడా ఊపిరి పీలుస్తాయి. మట్టి రేణువుల నడుమ ఉండే ఖాళీల్లోని గాలే వాటికి ఆధారం. ఆ ఖాళీలు నీటితో నిండిపోయినప్పుడు, గాలిలో కంటె నీటిలో ఆక్సిజన్ దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది కాబట్టి, మిగిలిన కొద్దిపాటి ప్రాణవాయువును వేళ్ళూ మట్టిలోని సూక్ష్మజీవులూ కలిసి ఒకటి రెండు రోజుల్లోనే వాడేసుకుంటాయి. ఊపిరాడని వేరు నీటిని పీల్చలేదు. అందువల్ల చుట్టూ నీళ్ళున్నా ఆకు వాడిపోతుంది. మొక్క దాహంతో ఉందన్న మీ ఊహ తప్పు కాదు, కానీ ఆ దాహం నీళ్ళు లేక కాదు, తాగే శక్తి లేక. ఆ స్థితిలో మళ్ళీ నీరు పోస్తే వేరుకు అందవలసిన గాలి మరింత ఆలస్యమవుతుంది. ఆపైన బలహీనపడిన వేళ్ళ మీద కుళ్ళు తెగుళ్ళు దాడి చేస్తాయి. మన ఆగస్టు వేడిలో వేళ్ళ ఊపిరి అవసరం ఎక్కువ కాబట్టి ఈ నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది. బొప్పాయి ఈ విషయంలో అన్నిటికంటె సుకుమారం. ఒకటి రెండు రోజుల ముంపుకే కాయలున్న చెట్టయినా పోతుంది. మీ తమ్ముడు మంచి మొక్కే తెచ్చారు, చోటే దానికి సరిపడలేదు.

వరి, చేమ వంటి మొక్కలు అదే నీటిలో హాయిగా ఉండడానికి కారణం వాటి కాడల్లో, వేళ్ళలో ఉండే గాలి గొట్టాల వంటి నిర్మాణం. పైన ఆకు పీల్చిన గాలిని అవి కింద వేరు దాకా చేరవేసుకుంటాయి. టమాటాకూ మిరపకూ అంత సదుపాయం లేదు.

ఇక మీ మడి సంగతి. "అప్పుడప్పుడు నీళ్ళు నిలుస్తాయి" అన్న ఒక్క మాటతో మొక్కలను ఎంచుకోలేం. ఆ నీరు ఎక్కడి నుండి వస్తోంది, ఎన్నాళ్ళుంటోంది, ఏ నెలల్లో ఉంటోంది అన్న మూడూ తెలియాలి. మీ ఉత్తరాన్ని బట్టి నాకు నాలుగు మూలాలు కనిపిస్తున్నాయి. నేరుగా పడే వాన ఒకటి. పక్కవారి మెరక మీద నుండి జారే నీరు రెండవది. మీ స్నానాల గది నీరు మూడవది. నాలుగవది మీరు ప్రస్తావించలేదు గానీ డెల్టాలో ఎప్పుడూ గుర్తుంచుకోవలసింది, నేలలోని ఊట. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుండి కాలువలు ఈ నేలను సస్యశ్యామలం చేశాయి, దానితో పాటే భూమిలోని నీటిమట్టాన్ని కూడా పైకి తెచ్చాయి. కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత, ఇంకా పెద్ద వానలు పడకముందే, మీ మడిలో ఒక అడుగు లోతు గొయ్యి తీసి చూడండి. అడుగున నీరు ఊరుతూ ఉంటే అది ఊట. అలాంటి చోట ఇంకుడు గుంత తవ్వినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే అది ఇంకవలసిన చోటు ముందే నిండి ఉంటుంది. ఊట లేకపోతే అదే గొయ్యిని నీటితో నింపి, అది ఇంకిపోయాక మళ్ళీ నింపి చూడండి. రెండవసారి పోసిన నీరు గంటకు అంగుళం చొప్పున దిగుతుంటే మీ మట్టి మంచిదే, సమస్య అంతా బయటి నుండి వచ్చే నీటిది. మర్నాటికి కూడా నీరు అలాగే ఉంటే బంకమట్టి గట్టిపడి ఉందని అర్థం.

పక్కవారి నీటి విషయంలో తగాదా వద్దు. వారి మెరకకూ మీ గోడకూ పక్కన జానెడు వెడల్పున ఒక చిన్న కాలువ తీసి వీధి కాలువలో కలిపితే చాలావరకు తీరుతుంది. కాకపోతే కలిపే చోటు మీ మడి కంటె పల్లంగా ఉందో లేదో ముందే చూసుకోండి. వీధి కాలువ ఎత్తుగా ఉంటే ఆ నీరే తిరిగి మీ ఇంట్లోకి వస్తుంది.

ఇప్పుడు మొక్కలు. మీ మడిలో రెండు నుండి నాలుగు రోజులు మాత్రమే నీరు నిలుస్తోంది కాబట్టి, వానాకాలానికి మీ అత్తగారు చెప్పిన చేమను మించినది నాకు తోచడం లేదు. నాలుగైదు రోజుల ముంపు దానికి లెక్కలోకి రాదు. కొబ్బరి చెట్ల పాక్షిక నీడలో కూడా బాగా పెరుగుతుంది. మీ మడి కొబ్బరి వరుస పక్కనే ఉందన్నారు, అంటే టమాటాకు కావలసినంత ఎండ అక్కడ అసలే తక్కువ కావచ్చు. మే చివరలోనో జూన్ మొదట్లోనో, కొంచెం ఎత్తు చేసిన కట్టల మీద, అడుగున్నర దూరంలో ఒక్కొక్క పిల్లదుంపను నాటితే, ఆరేడు నెలలకు ఆకులు పసుపు తిరిగే వేళకు తవ్వుకోవచ్చు. నెలల తరబడి నీరు నిలిచే చోట ఆకు ఏపుగా వచ్చినా పిల్లదుంపలు తగ్గుతాయి, అందుకే ఆ కట్టలు అవసరం. ముసురు పట్టిన రోజుల్లో ఆకుల మీద గుండ్రని గోధుమరంగు మచ్చలు వచ్చి ఆకు మాడిపోయే తెగులు దీనికి ప్రధాన శత్రువు. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థకు భువనేశ్వర్‌లో ఉన్న ప్రాంతీయ కేంద్రం రూపొందించిన ముక్తకేశి రకం ఈ తెగులును తట్టుకుంటుంది. అది దొరకకపోతే బజారులో వండుకోవడానికి అమ్మే మంచి దుంపలనే ఎంచి నాటండి. మురుగు కాలువల పక్కన దానంతట అది మొలిచే పిచ్చి చేమను మాత్రం తేవద్దు. చేమలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, దురద వాటి వల్లే. పిచ్చి చేమలో ఆ దురద విపరీతం. మంచి రకమైనా ఆకునూ దుంపనూ బాగా ఉడికించే తినాలి, చింతపండు పులుసులో వండే మన అలవాటు దీనికి బాగా సరిపోతుంది.

తరువాతది తూటికూర. జానెడు కాడలను గుచ్చితే నెల, నెలన్నరలో మొదటి కోతకు వస్తుంది, ఆ తరువాత రెండు మూడు వారాలకు ఒకసారి కోస్తూనే ఉండవచ్చు. ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. కాలువ గట్ల మీద గుబురుగా, నిటారుగా పెరిగి లేత ఊదా రంగు పెద్ద పూలు పూసే లొట్టపీసు దీని చుట్టమే గానీ విషపూరితం. తెలిసిన వారి పెరటి నుండి తెచ్చిన కాడలు తప్ప కాలువ నుండి ఏరినవి నాటవద్దు. రెండవది, తూటికూర నీటిలోని భార లోహాలనూ ఇతర కాలుష్యాలనూ తనలోకి తీసుకునే గుణం గలది. నీరు శుభ్రమైనదని మీకు నమ్మకం కుదిరితేనే దీన్ని పెంచండి.

పొన్నగంటి కూరకు తడి నేల ఎంత ఇష్టమో మీ అత్తగారికి చెప్పనక్కరలేదు. దీనిని పోలిన మరో మొక్క ఇప్పుడు కాలువల నిండా అల్లుకుపోతోంది. దాని కాడ బోలుగా ఉంటుంది, తెల్లటి పూలగుత్తి పొడవైన తొడిమ చివర నిలబడుతుంది. అసలు పొన్నగంటికి పూలు తొడిమ లేకుండా ఆకు మొదట్లోనే అంటుకుని ఉంటాయి. ఈ ఒక్క గుర్తు చూసుకుని కాడలు తెచ్చుకుంటే చాలు. గోడ నీడన తడి ఆరని చోట సరస్వతి ఆకు నేలంతా పరచుకుంటుంది, పచ్చడికి బాగుంటుంది. ఒక మూల అవిశ చెట్టు పెట్టుకోండి. నీరు నిలిచినప్పుడు కాండం నుండి కొత్త వేళ్ళు పుట్టించుకుని బతికే చెట్టు అది, ఆకూ పువ్వూ కూడా కూరకు వస్తాయి.

ఒకటి రెండు రోజుల ముంపును ఓర్చుకుని, అంతకు మించితే నష్టపోయేవి కొన్ని ఉన్నాయి. మడిలో కాస్త ఎత్తుగా ఉన్న అంచులు వీటికి తగినవి. బచ్చలి వాటిలో మొదటిది. మోకాలి ఎత్తు పెరిగిన గోంగూర కూడా నిలబడుతుంది, మొలక దశలో ముంచితే మాత్రం పోతుంది. తీగల్లో నేతిబీర గట్టిది. ముంపు చోట్ల కాకరను నేతిబీర వేరు మీద అంటుకట్టి పెంచుతారంటే దాని వేరు ఓర్పు అర్థమవుతుంది. అలాగే వంగ వేరు టమాటా వేరు కంటె ఎంతో మొండిది. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం ముంపునూ, బాక్టీరియా ఎండు తెగులునూ తట్టుకోవడానికి టమాటాను వంగ వేరు మీద అంటుకట్టే పద్ధతిని వేడి ప్రాంతాల రైతులకు చాలాకాలంగా సూచిస్తోంది. అంటుకట్టిన నారు మీ దగ్గరి నర్సరీలో దొరికితే ప్రయత్నించదగినదే, మామూలు నారు కంటె ఖరీదు ఎక్కువన్నది గుర్తుంచుకోండి. పళ్ళ చెట్టు కావాలనుకుంటే బొప్పాయి బదులు జామ పెట్టండి, అది తడిని బాగా ఓర్చుకుంటుంది.

ఆ పల్లంలో నేరుగా వేయకూడనివి కూడా చెప్పేస్తాను: మిరప, టమాటా, బొప్పాయి, అల్లం, పసుపు, కంద, కర్రపెండలం, మునగ, కరివేపాకు, నిమ్మ. చేమ కూడా దుంపే కదా అని కందను దాని పక్కన పెట్టేవారు ఉంటారు. నీరు నిలిస్తే కంద కుళ్ళిపోతుంది.

మరి మనవల టమాటా? ఇక్కడే మీ కోరికను వదులుకోనక్కరలేదని అంటున్నాను. నీరు నిలవడం మీ మడికి ఏడాది పొడవునా ఉన్న గుణం కాదు, నాలుగు నెలల గుణం. డెల్టాలో టమాటా, మిరప, వంగ చక్కగా కాసే కాలం నవంబరు తరువాతే. చిత్త కార్తెలో, అంటే అక్టోబరు మధ్యలో, ట్రేలలోనో పాత తొట్లలోనో నారు పోసి వాన తగలని అరుగు మీద ఉంచుకోండి. విశాఖ కార్తెలో, నవంబరు రెండవ వారం తరువాత, నేల ఆరిన చోట నాటండి. సంక్రాంతి సెలవులకు మొదటి కాయలు చేతికి రావచ్చు, వేసవి దాకా కాస్తూనే ఉంటాయి. ఈ దారిలో ఉన్న ప్రమాదం తుపాను. నవంబరులో, కొన్ని సంవత్సరాలలో డిసెంబరు మొదట్లో కూడా, మన తీరానికి తుపానులు వస్తాయి. అందుకని మొదటి నారు పోసిన రెండు వారాలకు మరో విడత నారు పోసి ఉంచుకుంటే, మొదటిది పోయినా రెండవది మిగులుతుంది. ఇంకొక చిక్కు, చేమను డిసెంబరు దాకా తవ్వడం కుదరదు. మడి అంతా చేమ వేస్తే నవంబరులో టమాటాకు చోటుండదు. సగం మడికే చేమ వేసి, మిగతా సగంలో, ముఖ్యంగా ఎండ బాగా తగిలే వైపు, జూన్‌లో పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ విత్తనాలు చల్లండి. అది ముంపును తట్టుకుని పెరుగుతుంది, పూతకు ముందే కోసి మట్టిలో కలిపేస్తే ఆ బంకమట్టి గుల్లబారుతుంది. జనుము కూడా పచ్చిరొట్టే గానీ నీరు నిలిస్తే పోతుంది, దాన్ని ఎంచుకోవద్దు.

వానాకాలంలోనే మిరప, టమాటా కావాలన్న పట్టుదల మీకుంటే, దానికి ఎత్తు మడి తప్ప వేరే మార్గం లేదు. ఇండోనేషియాలోని జావాలో సోర్జాన్ అనే పద్ధతి ఉంది. పల్లపు పొలంలో ఒక పట్టీ తవ్వి, ఆ మట్టిని పక్క పట్టీ మీద పోస్తారు. తవ్విన చోట నీటిలో వరి, ఎత్తు చేసిన చోట కూరగాయలు. మీ 8 అడుగుల వెడల్పును ఇలాగే రెండుగా పంచుకోవచ్చు. గోడ వైపు 4 అడుగులు పల్లం చేసి చేమ, తూటి, పొన్నగంటి. ఇవతలి 4 అడుగులు, నిరుడు నీరు నిలిచిన గుర్తు కంటె కనీసం ఒక అడుగు ఎత్తున కూరగాయల మడి. అంచులకు చీల్చిన కొబ్బరి దుంగలు మీ ఊళ్ళోనే దొరుకుతాయి. లోపల తవ్విన మట్టికి మాగిన పశువుల ఎరువు, బాగా కుళ్ళిన కొబ్బరి పొట్టు కలపాలి. పచ్చి పొట్టును కలిపితే దానిలోని ఉప్పు, వగరు పదార్థాలు లేత వేళ్ళకు చేటు చేస్తాయి. దీనికి ఖర్చూ, కూలీ అవుతాయి. ఏడాదికి మూడు నాలుగు అంగుళాలు మట్టి కుంగితే మళ్ళీ నింపాలి. వేసవిలో ఎత్తు మడి త్వరగా ఆరిపోతుంది, రోజూ నీరు పెట్టాలి. ఇవన్నీ చేసుకునే ఓపిక మీకుందా, సాయం చేసే మనిషి దొరుకుతారా అన్నది మీరే తేల్చుకోవలసిన విషయం. నన్నడిగితే, మొదటి ఏడాది మడి మొత్తాన్ని తవ్వించకుండా ఒక చివర 6 అడుగుల మేర మాత్రమే ఇలా చేసి చూడడం మేలు. అంతలో ఒక వానాకాలం గడుస్తుంది, ఆ నేల గురించి ఇప్పటికంటె మీకు ఎంతో ఎక్కువ తెలుస్తుంది.

మీ వారి ఆలోచన గురించి. మీ ఇష్టానికి విలువ లేకనే ఆయన సిమెంటు అంటున్నారని నాకు అనిపించలేదు. గోడలకు చెమ్మ ఎక్కడం, పాములు, దోమలు, జారిపడే భయం, వయసు పైబడిన తల్లి ఇంట్లో ఉండడం, ఇవన్నీ ఆయన మనసులో ఉండవచ్చు. ఆయనను నేరుగా అడగండి, మీకు ఇబ్బంది మడితోనా, నీటితోనా అని. నీటితోనే అయితే మీరిద్దరూ ఒకే వైపు ఉన్నారు. మొత్తం మెరక చేస్తే ఆ సమస్య తీరుతుంది, ఇంటి పునాది దగ్గర చెమ్మ ఉన్నట్టయితే గోడ చుట్టూ రెండు మూడడుగుల మేర మెరక చేసి వాలు కట్టడం అవసరం కూడా. కానీ పెరడంతా సిమెంటు వేస్తే, పడిన ప్రతి చుక్కా ఎక్కడికో ఒకచోటికి పోవాలి, అది మీ ఇంటి గుమ్మం వైపో మరొకరి స్థలంలోకో పోతుంది. కొబ్బరి చెట్టుకు చురుకైన వేళ్ళలో ఎక్కువ భాగం మొదలు చుట్టూ 2 మీటర్ల లోపే ఉంటాయి. అక్కడ సిమెంటు పోస్తే ఎరువు వేసేందుకూ వాన ఇంకేందుకూ చోటుండదు, కాపు మీద దాని ప్రభావం కొన్నేళ్ళలో కనిపిస్తుంది. పైగా వేసిన సిమెంటును తీయించడం వేసినంత తేలిక కాదు. దోమల గురించి ఆయన భయపడుతున్నట్టయితే ఈ విషయం చెప్పండి: మన వేడిలో గుడ్డు నుండి దోమ బయటికి రావడానికి సుమారు 7 నుండి 10 రోజులు పడుతుంది. నాలుగు రోజుల్లో తీసే నీటిలో అవి పెరిగి ఎగరలేవు. పల్లం పట్టీలో నీరు వారం దాటి నిలిస్తే మాత్రం తోడి పోయాలి.

చేమ విషయంలో మీకున్న చిన్నచూపు గురించి కూడా ఒక మాట. పిలవకుండా మొలిచేదనీ, డబ్బు పెట్టి కొననక్కరలేదనీ ఆ కూరలను తక్కువగా చూడడం మనలో చాలామందికి అలవాటయింది. ఎరువు మందుల ఊసు లేకుండా, ముంపులో కూడా ఇంటికి కూర అందించినందుకే వాటిని మీ అత్తగారి తరం ఆ పల్లంలో ఉంచుకుంది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి, నీళ్ళు ఏ మూల నుండి ముందు వచ్చేవి, ఏ మూల చివర ఆరేది, ఎక్కడ ఏది వేసేవారు అని. ఆ మడి గురించి ఆమె కంటె బాగా చెప్పగలవారు లేరు, నేనైనా సరే.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది, తినవచ్చా అన్న ప్రశ్న. వాన నీరు, ఊట నీరు నిలిచిన మడిలో పెరిగినవి నిస్సందేహంగా తినవచ్చు. స్నానాల గది నీరు కలుస్తోందంటే ముందు దాన్ని వేరు చేయాలి. ఒక పైపు వేసి, మడికి దూరంగా మెట్టతామర, అరటి పెట్టిన పాదులోకి మళ్ళించండి. సబ్బు నీరు వాటికి పెద్దగా హాని చేయదు, మీ ఆకుకూరలకు మాత్రం అది తగదు. పొలాల మీదుగా వచ్చే వరద నీరైతే పురుగుమందులు ఉండే అవకాశం ఉంది, అప్పటి ఆకుకూరల కోతను వదిలేయండి. సెప్టిక్ ట్యాంకు పొంగి ఆ నీరు మడిలోకి వచ్చిందంటే, అప్పటికి ఉన్న ఆకుకూరలన్నీ పీకి పారవేయాలి, నీటిలో మునిగిన కాయలను కూడా తినకూడదు. ఆ మట్టిలో పచ్చిగా తినేవి మూడు నాలుగు నెలల దాకా వేయకుండా ఉండడం మంచిది. ఉడికిస్తే క్రిములు చాలావరకు చస్తాయి, రసాయనాలు, లోహాలు మాత్రం ఉడికించినంత మాత్రాన పోవు.

మృగశిర కార్తెకు ఇంకా నెల రోజులు ఉంది. మడిలో ఒక కర్ర పాతి దాని మీద అంగుళాల గీతలు గీయండి. ఈసారి ప్రతి ముంపుకూ నీరు ఎంత ఎత్తు వచ్చిందో, ఎన్నాళ్ళుందో క్యాలెండర్‌లో రాసుకోండి. వచ్చే ఏడాది ఎత్తు మడి ఎంత ఎత్తున కట్టాలో, అసలు కట్టాలో వద్దో ఆ గీతలే చెబుతాయి. నీళ్ళు తీసిన తరువాత రెండు మూడు రోజులు మడిలో అడుగు పెట్టకండి, తడి బంకమట్టిని తొక్కితే అది ఇటుకలా గట్టిపడి వచ్చే వానకు ఇంకా ఎక్కువ నీటిని నిలుపుతుంది. కొత్త చిగురు కనిపించేదాకా వేళ్ళ దగ్గర ఎరువు వేయకండి. ఈ పనులన్నిటికంటె ముందు, మీ వారితో కలిసి సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో, దాని మూతా గాలి గొట్టమూ నిరుటి నీటి గుర్తు కంటె ఎత్తున ఉన్నాయో లేవో చూడండి. కింద ఉంటే వానలకు ముందే మూత చుట్టూ ఒక అడుగు ఎత్తు ఇటుక కట్టించి పూత వేయించండి. అది అయ్యేదాకా ట్యాంకు వైపున్న మూలలో తూటికూర గానీ, పొన్నగంటి గానీ, చేమ గానీ నాటవద్దు. అక్కడికి ఈ ఏటికి జామ మొక్క ఒక్కటి చాలు.